నాన్న కణత దగ్గర చప్పుడు విన్న అమ్మాయికి

మెడ ఆపరేషన్ అయ్యి నాన్న ఇంటికొచ్చి ఇవాళ్టికి పన్నెండో రోజు. మాట స్పష్టంగా ఉంది, కుడిచేతి పట్టు బాగుంది. కాస్త ఊపిరి పీల్చుకుని ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా హన్మకొండలోని మా కంటి డాక్టర్ గారికి కృతజ్ఞతలు. నాన్న ఎడమ కంటికి పరదా దించినట్టు పది నిమిషాలు చీకటైతే, శుక్లాలేమో అనుకుని వెళ్లాం. ఆయన కన్ను పరీక్షించి, "ఈ మధ్య కుడిచేతిలోంచి ఏమన్నా జారిపడిందా?" అని అడిగారు. టీ గ్లాసు పడింది. మేం మరిచే పోయాం. "జబ్బు కంట్లో లేదు, ఇవాళే మెడకు డాప్లర్ తీయించండి" అన్నారు. రక్తం పారే తీరు చూపే స్కాన్ అది. తీయిస్తే, మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ఎడమ కెరోటిడ్ ధమనిలో 80 శాతం పూడిక. ఇలా సూచనలు కనబడ్డాక రెండు వారాల్లోపు ఆపరేషన్ అయితేనే ఎక్కువ మేలట. హైదరాబాద్‌లో తొమ్మిదో రోజుకల్లా అయిపోయింది. రాత్రికి రాత్రి డబ్బు సర్దిన బావకు, రక్తం ఇచ్చిన నాన్న డిపో మిత్రుల పిల్లలకు దండాలు.

మెడ కోసి, రక్తం ఆగేలా ధమనికి క్లాంపు వేసి, లోపలి పూడికను ఒలిచి తీస్తారు. పక్షవాతం రాకుండా చేసే ఈ ఆపరేషన్‌లోనే పక్షవాతం వచ్చే ప్రమాదం కొంత ఉంటుందని సర్జన్ గారు దాచకుండా చెప్పారు. ఆ ముక్క అమ్మకు చెప్పలేదు నేను. టెన్షన్ అంతా నా ఒక్కదానిదే.

ముందురోజు సాయంత్రం ఒక అమ్మాయి మిషన్ తోసుకుంటూ వచ్చింది. నాన్న కణతకు జెల్ రాసి, ప్రోబ్ పెట్టి వెతకడం మొదలుపెట్టింది. పెద్దవయసులో అక్కడి ఎముక మందంగా ఉంటే అల్ట్రాసౌండ్ లోపలికి పోదట. ఇరవై నిమిషాలు విసుక్కోకుండా వెతికింది. మెదడులోని ధమని దొరికాక సౌండ్ పెంచి నాన్నకూ వినిపించింది. ఉష్... ఉష్... ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి, చెవితోనే ఇంజన్ జబ్బు చెప్పిన మనిషి. కళ్లు మూసుకుని విని, "మంచిగనే నడుస్తాంది బిడ్డా" అన్నాడు. ఆ వారంలో ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

మర్నాడు ప్రోబ్‌ను తలకు పట్టీతో బిగించి, ఆపరేషన్ జరిగినంతసేపూ ఆ చప్పుడు వింటూ కూచుందట. క్లాంపు వేయగానే సెకనుకు 46 సెంటీమీటర్లున్న రక్తవేగం 11కి పడిపోయింది. ఆమె చెప్పీ చెప్పగానే సర్జన్ గారు షంట్ అనే సన్నటి గొట్టం పెట్టి మెదడుకు రక్తం మళ్లించారు. పూడిక ముక్క ఏదైనా కొట్టుకుపోతే 'చిక్' మని వేరే చప్పుడు వస్తుందట. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ సర్జన్ గారి చేయి నెమ్మదించింది. ఇదంతా తర్వాత ఆయనే కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. దారి తెరుచుకున్నాక రక్తం ఒక్కసారిగా పోటెత్తినా ముప్పేనట, అందుకే ఐసీయూ సిస్టర్లు రాత్రంతా బీపీ కనిపెట్టుకుని ఉన్నారు. వాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఆ అమ్మాయి పేరు మాత్రం బిల్లులో ఎక్కడా లేదు. 'మానిటరింగ్' అని ఒక లైను ఉంది, అంతే.

చెవి కింద ఇంకా మొద్దుబారి ఉంది, గడ్డం గీసుకుంటే తెలియట్లేదని నాన్న సణుగుడు. వచ్చే చెకప్‌కి ఆ బిడ్డకు సకినాలు పట్టుకుపోవాలని అమ్మ ప్రాణం తీస్తున్నాడు. నూనె వంటలు వద్దన్నారు కదా నాన్నా అంటే, "నాకు గదా వద్దన్నది" అంటున్నాడు.