వార్షిక నివేదిక: పాత ఆకురాయి చిన్న కత్తిగా మారిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక మాట అనుకున్నాం. ఈ ఏడాది కొత్త మిషన్ల జోలికి పోకుండా, ఇంట్లో ఉన్న చేతి పనిముట్లతోనే ఒక వస్తువు మొదటి నుంచి చివరిదాకా చేద్దామని. ఆ మాట నిలబెట్టుకున్నాం. నెలకొకసారి కలవాలనుకున్నాం, ఒక్క నెల తప్ప అన్ని నెలలూ కలిశాం. చిన్న చిన్న పనులు చాలానే జరిగాయి గానీ, ఏడాది మొత్తం ఆ ఒక్క వస్తువు చుట్టూనే తిరిగింది కాబట్టి ముందు దాని సంగతే రాస్తాను.

ఆ వస్తువు మార్కింగ్ నైఫ్. చెక్క మీద కొలత గీత గీసే చిన్న కత్తి. పెన్సిల్ గీతకి మందం ఉంటుంది. ఆ మందంలో ఏ పక్కన కోయాలో తేల్చుకోలేకే సగం అతుకులు వదులవుతాయి. కత్తి గీతకి మందం ఉండదు, పైగా ఉలి అంచు తనంతట తానే వెళ్ళి ఆ గాటులో కూర్చుంటుంది. అయితే దీన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన సంఘంలో చాలాకాలంగా కొలిమి వాళ్ళు ఒక బల్ల దగ్గర, చెక్కపని వాళ్ళు ఇంకో బల్ల దగ్గర కూర్చుంటున్నారు. ఈ కత్తికి అలుగు ఉక్కుది, పిడి చెక్కది. రెండు బల్లల వాళ్ళూ ఒకరి పని ఒకరు నేర్చుకోకపోతే ఇది పూర్తి కాదు. నిజానికి ఈ ఏడాది మనకి దక్కిన పెద్ద లాభం అదే అని నా నమ్మకం.

అలుగుకి అరిగిపోయిన పాత ఆకురాళ్ళు, అంటే లోహాన్ని అరగదీసే గరుకు ఉక్కు కడ్డీలు, వాడాం. అన్ని ఆకురాళ్ళూ పనికిరావు. కొన్నింటికి పైపొర మాత్రమే గట్టిగా ఉండి లోపల మెత్తటి ఇనుము ఉంటుంది. అందుకని చివర ఒక ముక్కని ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, వైస్‌లో బిగించి విరిచి చూశాం. పుటుక్కున విరిగి, లోపల సన్నటి బూడిదరంగు పొడిలా ఒకే తీరుగా కనిపిస్తే అది మంచి ఉక్కు. వంగిపోతే పక్కన పెట్టేశాం.

ఉన్నది ఉన్నట్టుగా ఆకురాయిని రంపంతో కోయలేం, రంపం పళ్ళే పోతాయి. ముందు మెత్తబరచాలి. ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో పాతిపెట్టి, రాత్రంతా వదిలేశాం. తెల్లారి తీసేసరికి హ్యాక్‌సా చక్కగా దిగింది. ఆకారం కోయడం, ఏటవాలు అంచు అరగదీయడం అన్నీ ఈ దశలోనే పూర్తి చేశాం. అంచు మాత్రం కావాలనే కాస్త మందంగా ఉంచాం, ఎందుకంటే మరీ పలచటి అంచు తర్వాతి కాల్పులో మాడిపోతుంది.

అసలు టెన్షన్ అంతా గట్టిపరచడం దగ్గరే. ఎండలో ఎరుపు తెలియదు కాబట్టి కొలిమిని నీడలోకి మార్చాం. తీగకి కట్టిన అయస్కాంతం ఒకటి పక్కన వేలాడదీశాం. ఉక్కు సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది మానేశాక ఇంకొక్క పిసరు వేడి ఇచ్చి, గోరువెచ్చగా ఉన్న నూనెలో నిలువుగా దించాలి. అడ్డంగా దించితే ఒక పక్క ముందు చల్లబడి అలుగు వంకరపోతుంది. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, అందుకే ముందే కాస్త వెచ్చబెట్టుకోవాలి. బయటికి తీసి తుడిచాక మంచి ఆకురాయితో గీకి చూడాలి. అది పట్టుకోకుండా అద్దం మీద జారినట్టు జారిపోతే పని అయినట్టే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి, మళ్ళీ ఎవరూ ఆ పని చేయకూడదని. నా అలుగు నూనెలోంచి కొద్దిగా వంగి వచ్చింది. ఇప్పుడే సరిచేద్దామని దాగలి మీద పెట్టి సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ వేశాను. మూడు ముక్కలైంది. అప్పుడే గట్టిపరచిన ఉక్కు గాజుతో సమానం. దాని పెళుసుతనం తీయకుండా ముట్టుకోకూడదు. రెండు వారాల పని ఆ ఒక్క దెబ్బతో పోయింది. ఆ ముక్కలు మన గూట్లో చీటీ కట్టి పెట్టాను, కొత్తగా వచ్చేవాళ్ళకి చూపించండి.

పెళుసుతనం తీయడానికి మళ్ళీ వేడి చేయాలి, ఈసారి చాలా తక్కువగా. ముందు అలుగుని మెరిసేలా తోమాలి, అప్పుడే రంగులు కనిపిస్తాయి. సుమారు 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 250 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 వచ్చేసరికి నీలం. మన కత్తికి లేత గడ్డి రంగు చాలు. నీలం దాకా పోతే స్ప్రింగుకి బాగుంటుంది గానీ గీత గీసే అంచు త్వరగా మొద్దుబారుతుంది. ఎక్కువమంది ఇంట్లో ఓవెన్ వాడారు, విడిగా ఒక థర్మామీటరు లోపల పెట్టి. ఓవెన్ డయల్ చూపించే అంకెని నమ్మకండి. టార్చ్‌తో ప్రయత్నించిన ఇద్దరికి మొన కళ్ళముందే నీలం తిరిగిపోయింది. పలచటి భాగం ముందు వేడెక్కుతుంది కాబట్టి మంట ఎప్పుడూ వెన్ను వైపు, పిడిలోకి పోయే భాగం వైపు తగలాలి. రంగు అక్కడినుంచి మెల్లగా మొనకి పాకాలి. ఆ గడ్డి రంగు అంచు దాకా పాకి, ఇక చాలు అని నీళ్ళలో ముంచే క్షణం కోసం అందరూ ఊపిరి బిగబట్టి చూడటం ఈ ఏడాది నాకు బాగా గుర్తుండిపోయిన దృశ్యం.

పిడి సులువు అనుకున్నాం. అక్కడే మోసపోయాం. అలుగు వెనక భాగానికి రెండు పక్కలా చెక్క ముక్కలు పెట్టి, ఎపాక్సీ జిగురు రాసి, 3 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీలు దూర్చి, రెండు చివరలూ సుత్తితో కొట్టి రివెట్లు చేశాం. ఆకురాయితో చెక్కకి సమానంగా సాపుచేసి నూనె పట్టించాం. చేసినప్పుడు చేత్తో తడిమితే చెక్క ఎక్కడ ఆగిందో ఇత్తడి ఎక్కడ మొదలైందో తెలియలేదు. అది గాలిలో తేమ బాగా ఉన్న కాలం. వాతావరణం పొడిబారాక అవే పిడులు పట్టుకుంటే ప్రతి ఇత్తడి చుక్కా బొటనవేలికి చిన్న మెట్టులా తగలడం మొదలుపెట్టింది. చెక్క కుంచించుకుంది, ఇత్తడి ఉన్నచోటే ఉంది. రెండు పిడులకి రివెట్టు దగ్గర సన్నటి బీట కూడా వచ్చింది.

దీని మీద చెక్కపని బల్ల వాళ్ళు ఒక సాయంత్రమంతా ఓపిగ్గా వివరించారు. చెక్క నార వెంబడి దాదాపు మారదు, అడ్డంగానే పెరుగుతుంది, తరుగుతుంది. అందులోనూ మాను వలయాల వెంట వచ్చే మార్పు, మాను మధ్య నుంచి బయటికి వచ్చే మార్పుకి ఇంచుమించు రెట్టింపు. కాబట్టి చేవ ఉన్న చెక్క ఎంచుకున్నంత మాత్రాన సరిపోదు, అది పూర్తిగా ఆరిందో లేదో చూడాలి. మేము ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి: ముక్కలు కోసి, పని చేసే గదిలోనే పెట్టి, వారానికోసారి తూచి బరువు పెన్సిల్‌తో దానిమీదే రాయడం. బరువు తగ్గడం ఆగాకే పిడి మొదలుపెట్టాలి. టేకులాంటి జిడ్డు చెక్కయితే జిగురు రాసే ముందు అసిటోన్‌తో తుడవడం మరవకండి.

భద్రత గురించి. ఈ ఏడాది ఒక సభ్యుడి ఇంట్లో అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే, కొన్ని గంటల తర్వాత వాటంతట అవే రాజుకుని పొగ వచ్చింది. ఇంట్లో మనుషులు ఉండబట్టి సరిపోయింది. అవిసె నూనె ఆరేది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసే, ఆ క్రమంలో వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాల్లో కలిసిపోతుంది, ఉండచుడితే లోపలే పేరుకుంటుంది. దయచేసి ప్రతి గుడ్డనీ బయట విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు.

అలాగే జింకు పూత ఉన్న ఇనుప ముక్కల్ని కొలిమిలో పెట్టకండి. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. చెక్కపొడిని చిన్నచూపు చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మాస్కు పెట్టుకోండి. పొడిని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. డ్రిల్లు తిరుగుతున్నప్పుడు చేతికి గ్లౌజు వద్దు, అది గ్లౌజుతోపాటు వేళ్ళనీ లాక్కుంటుంది.

సానపట్టే తరగతులు రెండు జరిగాయి. ఉలి ఏటవాలు 25 డిగ్రీలు, చివరి అంచు మాత్రం 30 డిగ్రీలు అనే పాత లెక్కనే అందరం పాటించాం. వెనక్కి మళ్ళిన సన్నటి పొర అంచు పొడవునా వేలికి తగిలేదాకా సానరాయి మార్చకూడదని తెలిశాక చాలామంది ఫిర్యాదులు ఆగిపోయాయి.

అరువు పనిముట్ల గూడు బాగానే నడిచింది. క్లాంపులు మాత్రం తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి తేవడం లేదు. జిగురు పని ఆగిపోతోంది కాబట్టి గట్టిగా అడుగుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన మూత ఉన్న పనిముట్ల పెట్టె. మూలలకి చేత్తో కోసిన డవ్‌టెయిల్ అతుకులు (పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు ఒకదానిలో ఒకటి దిగేవి), మూతకి రేకు వంచి చేసిన ఇత్తడి కీళ్ళు. మళ్ళీ రెండు బల్లలూ కలవాల్సిన పనే. గట్టి చెక్కలో ఇత్తడి స్క్రూలు తలలు తెగిపోతాయి కాబట్టి ముందు అదే సైజు ఉక్కు స్క్రూకి మైనం రాసి ఎక్కించి, తీసేసి, అప్పుడు ఇత్తడిది బిగించాలి. ఇది మొదటి రోజే అందరికీ చేసి చూపిస్తాం.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఎవరి కత్తి వాళ్ళు తీసుకురండి. రివెట్లు పైకి తేలినవాళ్ళు తప్పకుండా తేవాలి. ఇప్పుడు చెక్క పూర్తిగా ఆరింది గనక, సన్న ఆకురాయితో మళ్ళీ సమానం చేసి, నూనె పట్టించి పంపుతాం.

కార్యదర్శి