ఆపరేషన్‌కు ముందు రేజర్ వాడకం ఆపాలి

ఆపరేషన్‌కు ముందు రోగి ఒంటి మీద వెంట్రుకలను రేజర్‌తో గీసే పాత అలవాటు మన ఆసుపత్రుల్లో ఇంకా పోలేదు. ఈమధ్య మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్ చేయించాం. ముందు రోజు రాత్రి వార్డుబాయ్ వచ్చి, సబ్బు నురగ రాసి, బొడ్డు కింద నుంచి తొడ దాకా రేజర్‌తో గబగబా గీసేసి వెళ్లాడు. తెల్లారి చూస్తే చర్మం మీద సన్నటి ఎర్రటి గీతలు, రెండు చోట్ల గడ్డకట్టిన రక్తపు చుక్కలు. పక్క మంచం మీది ఆయనకూ అంతే. అలాంటి గాట్లలోనూ, కంటికి ఆనని ఇంకా చిన్న గాట్లలోనూ సూక్ష్మక్రిములు చేరతాయి, కుట్ల దగ్గర చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే ఈ విషయం స్పష్టంగా చెప్పింది: వీలైతే వెంట్రుకలు తీయనే వద్దు, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో (చర్మాన్ని గీయకుండా వెంట్రుకలను కత్తిరించే చిన్న యంత్రంతో) కత్తిరించాలి, రేజర్ మాత్రం అసలు వాడొద్దు. చీము పట్టకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే యాంటీబయోటిక్ కోతకు ముందు 120 నిమిషాల లోపు పడాలని, ఆపరేషన్ అయ్యాక దాన్ని కొనసాగించవద్దని కూడా చెప్పింది. మాకేమో ఇంటికి పంపేటప్పుడు వారం రోజుల మాత్రలు రాసిచ్చారు! పెద్ద యంత్రాలు కొనమని ఎవరూ అడగడం లేదు. కత్తిరించే బ్లేడు భాగాన్ని మార్చుకునే వీలున్న క్లిప్పర్లను వైద్య ఆరోగ్య శాఖ ప్రతి ఆపరేషన్ థియేటర్‌కూ ఇవ్వాలి, వార్డు సిబ్బందికి ఒక పూట శిక్షణ ఇప్పించాలి. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రుల తనిఖీలోనూ రేజర్ వాడుతున్నారా లేదా అన్న ప్రశ్న చేర్చాలి.