విని రాశామన్న ట్యాబ్‌లో తప్పులు, డబ్బు వాపసు గురించి

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: ఫింగర్‌స్టైల్ (వేళ్లతో మీటే) గిటారు రికార్డింగుకు మీరు రాసిచ్చిన ట్యాబ్ (ఏ తీగను మెడ మీది ఎన్నో మెట్టు, అంటే ఫ్రెట్, దగ్గర నొక్కాలో అంకెల్లో చూపే రాత) పనికిరాకపోవడం.

అయ్యా / అమ్మా,

"అనుభవజ్ఞులైన గిటారిస్టులు చెవితో విని రాస్తారు" అన్న మీ ప్రకటన నమ్మి, గత నెలలో ఒక ఐరిష్ ట్యూన్ రికార్డింగు పంపి, 2,400 రూపాయలు కట్టాను. పిల్లలకు గిటారు నేర్పడం నా వృత్తి. నేనే కూర్చుని రాసుకోగలను గానీ, పాఠాల మధ్య తీరిక దొరకక మీకు అప్పజెప్పాను. వచ్చిన ట్యాబ్ చూస్తే, మనిషన్నవాడు ఆ రికార్డింగును ఒక్కసారైనా విన్నాడని నాకు నమ్మకం కలగడం లేదు.

మొదటి తప్పు ట్యూనింగ్‌లోనే, అంటే తీగలను ఏ స్వరాలకు శ్రుతి చేయాలన్న దానిలోనే ఉంది. మీరు మామూలు ట్యూనింగ్ అని రాశారు. అందులో అన్నిటికన్నా లావుదైన ఆరో తీగ స్వరం ఈ (E), అంటే సుమారు 82 హెర్ట్జ్. దానికన్నా కింద ఆ గిటారులో స్వరమే లేదు. రికార్డింగులో మాత్రం మొదటి నుంచీ 73 హెర్ట్జ్ దగ్గర డీ మోగుతూనే ఉంది. వాయించినది డాడ్‌గాడ్‌లో. ఆరో తీగ నుంచి వరుసగా డీ, ఏ, డీ, జీ, ఏ, డీ (DADGAD). 1960ల మొదట్లో బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రేహమ్ వాడుకలోకి తెచ్చిన ట్యూనింగ్ ఇది. ఐరిష్ సంగీతం వాయించే గిటారిస్టుల్లో ఇప్పుడు చాలా మామూలు. మీ నిపుణులకు ఇది తట్టకపోవడం వింతే.

ఆ ఒక్కటి తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. అసలు వాయింపులో బొటనవేలు ఆరో తీగకీ నాలుగో తీగకీ మారుతూ బేస్ నడుపుతుంది. మీకు కింది డీ దొరకలేదు కాబట్టి దాన్ని ఒక స్థాయి పైకి జరిపి, అదే నాలుగో తీగ మీద పెట్టేశారు. దాంతో నడక పోయి, ఒకే తీగ మీద డీ, డీ, డీ అని దంచుడు మిగిలింది. మూడో తీగ (జీ), రెండో తీగ (ఏ) రెండూ వదిలిన తీగలుగా, అంటే ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కకుండా, కలిసి మోగే చోట, మీ ట్యాబ్‌లో రెండు స్వరాలూ మూడో తీగ మీదే ఉన్నాయి, 0 (వదిలిన తీగ) తర్వాత 2వ ఫ్రెట్. రెండోది మీటగానే మొదటిది ఆగిపోతుంది. ఆ ట్యూన్ అందమంతా ఆ రెండూ కలిసి మోగడంలోనే ఉంది మరి.

అన్నిటికంటే విచిత్రం తొమ్మిదో బార్ (తాళం లెక్కలో ట్యూన్‌ను విడగొట్టే గడి). అక్కడ వినిపించేది మొదటి తీగ మీద 7వ ఫ్రెట్ దగ్గర నొక్కకుండా వేలు తాకించి తీసిన హార్మోనిక్. గంట మోగినట్టుంటుంది, వేలు తీసేసినా మోగుతూనే ఉంటుంది. మీరు దాన్ని మొదటి తీగ 17వ ఫ్రెట్ అని రాశారు. అదే క్షణంలో నాలుగో తీగ 4వ ఫ్రెట్ నొక్కి ఉంచాలట! పదమూడు ఫ్రెట్లు చాచే ఎడమ చెయ్యి నాకు లేదు, నా విద్యార్థుల్లో ఎవరికీ లేదు. స్వరం ఎత్తు లెక్క మాత్రం సరిగ్గా సరిపోయింది, రెండూ 880 హెర్ట్జే. సాఫ్ట్‌వేర్ స్వరాలు గుర్తించి, వాటిని మామూలు ట్యూనింగ్‌లో పరిచిందని నా అనుమానం ఇందుకే. సాఫ్ట్‌వేర్ వాడటం తప్పని నేను అనను. దాన్ని ఒకరు సరిచూడాలి, లేదా వాడామని ముందే చెప్పాలి.

ఇదంతా వివరంగా రాస్తే మీ హెల్ప్‌డెస్క్ నుంచి వచ్చిన జవాబు: "దయచేసి మీ గిటారు ట్యూనింగ్ సరిచూసుకోండి." నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా కోరిక ఇది. డాడ్‌గాడ్‌లో, హార్మోనిక్‌లు గుర్తుపెట్టి, ఒక గిటారిస్టు వాయించి చూసిన ట్యాబ్ 15 రోజుల్లో పంపండి. కుదరకపోతే మొత్తం డబ్బు వాపసు చేయండి. తర్వాతి ఆర్డరు మీద తగ్గింపు కూపన్ నాకు అక్కర్లేదు. రెండూ జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. చేయని పనిని చేసినట్టు ప్రకటించుకోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని మీకు తెలిసే ఉంటుంది.

చెల్లింపు రసీదు, మీ ట్యాబ్, తప్పులున్న చోట్ల నిమిషాలు గుర్తించిన రికార్డింగు జతచేస్తున్నాను. జవాబు ఈమెయిల్‌లోనే ఇవ్వండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విశాఖపట్నం