నంబరు చేతులు మారితే ఖాతా ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

ఓడ మీద ఉన్న మనిషి మెసేజింగ్ ఖాతా ఒడ్డున ఉన్న ముక్కూమొహం తెలియని వ్యక్తి చేతిలోకి వెళ్లిపోతుందా అంటే, వెళ్లిపోతుంది. దొంగతనం, మోసం ఏవీ అక్కర్లేదు. మల్కాపురంలో మా పక్కింట్లోనే జరిగింది. విశాఖలో ఓడ ఉద్యోగాల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి మీ పత్రిక ద్వారా ఈ నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను. నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను.

ఆ ఇంటి అబ్బాయి ఆయిల్ ట్యాంకరు మీద ఫిట్టరు. ప్రీపెయిడ్ సిమ్. నడిసముద్రంలో సిగ్నల్ ఎలాగూ ఉండదని రీచార్జి సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఓడలో వైఫై ఉంది, యాప్ పనిచేస్తూనే ఉంది, డ్యూటీ దిగాక తల్లితో మాట్లాడుతూనే ఉన్నాడు. ఈలోగా ఇక్కడ నంబరు రద్దయింది. కొన్నాళ్లకు వేరే జిల్లాలో ఒకాయనకు కొత్త సిమ్‌గా వెళ్లింది. ఆయన యాప్ వేసుకుని తన నంబరు కొట్టాడు, కోడ్ ఆయన ఫోనుకే వచ్చింది, ఖాతా తెరుచుకుంది. ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఓడలో ఉన్న కుర్రాడికి మాత్రం 'మీ నంబరు మరో ఫోనులో నమోదైంది' అన్న ఒక్క ముక్క కనిపించి యాప్ మూతపడింది.

తల్లికి ఇదేమీ తెలియదు. ఆమె టైపు చేయదు, వాయిస్ మెసేజ్‌లు పంపుతుంది. చిట్టీ పాట ఎప్పుడో, ఎవరి బాకీ ఎంత తీర్చాలో, చెల్లెలికి వచ్చిన సంబంధం సంగతేమిటో అన్నీ చెప్పింది. టిక్కులు పడుతున్నాయి, అబ్బాయి విన్నాడనుకుంది. మర్నాడు జవాబు వచ్చింది: "అమ్మా, నేను మీ అబ్బాయిని కాదు. ఈ నంబరు నాకు కొత్తగా ఇచ్చారు." సిబ్బంది గ్రూపులోనూ ఆయనే ఉన్నాడు. పాస్‌పోర్టు, సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం) కాపీలు తిరిగే గ్రూపు అది. మర్యాదస్తుడు కాబట్టి తనంతట తానే బయటికి వచ్చాడు. ఆ స్థానంలో డబ్బు ఆశ ఉన్నవాడు ఉండి, 'అమ్మా, అర్జెంటుగా యాభై వేలు పంపు' అని ఉంటే ఆమె పంపేది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే లాగిన్ లోపల నడిచే పని చూడాలి. టెలిగ్రామ్ తన ఏపీఐని, అంటే యాప్‌కూ సర్వరుకూ మధ్య నడిచే ప్రశ్నోత్తరాల పద్ధతిని, ఎవరైనా చదువుకునేలా బయట పెట్టింది. యాప్ ముందు నంబరు పంపి కోడ్ అడుగుతుంది. ఖాతా అప్పటికే మరో పరికరంలో తెరిచి ఉంటే కోడ్ అక్కడికి వెళ్లవచ్చు, లేకపోతే ఎస్సెమ్మెస్‌గా రావచ్చు. కోడ్ సరిపోతే సర్వరు ఆ ఫోనుకు ఒక సెషన్, అంటే మళ్లీ లాగిన్ అక్కర్లేకుండా లోపల ఉండే అనుమతి, ఇస్తుంది. ఇక మీదట పని నడిపేది ఆ సెషనే, నంబరును మళ్లీ అడగరు. సిమ్ చచ్చిపోయినా ఓడలో యాప్ పనిచేయడానికి ఇలాంటి ఏర్పాటే కారణం. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవారిని కోడ్ తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ కూడా సర్వరుకు నేరుగా వెళ్లదు, అది మనకు తెలుసన్న గణిత రుజువు మాత్రమే వెళ్తుంది. కొత్తగా లాగిన్ అయిన ఫోను మొదటి 24 గంటల్లో పాత ఫోన్లను బయటికి పంపలేదు. ఈ చివరి నియమం రాసినవారికి దండం పెట్టాలి. పాత యజమానికి మేలుకునే వ్యవధి ఇచ్చారు.

వాట్సాప్‌లోనూ 2017 నుంచి ఆరంకెల పిన్ సౌకర్యం ఉంది. కానీ దాన్ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే వెతికి పెట్టుకోవాలి. పెట్టుకున్నా, పిన్ తెలియనివారు ఏడు రోజులు ఆగి కొత్తది పెట్టుకునే వీలుంది. పిన్ మరిచిపోయినవారికి ఆ వీలు ఉండాల్సిందే. అయితే నంబరు చేతులు మారినప్పుడు అదే వీలు పాత యజమాని పాలిట శాపం.

2023 నవంబరులో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరని, పాత చందాదారు తన వాట్సాప్ సమాచారాన్ని ముందే తీసేసుకోవచ్చని చెప్పి కోర్టు పిటిషన్‌ను ముగించింది. 45 రోజులు వాడకుండా ఉన్న ఖాతా మరో ఫోనులో తెరుచుకుంటే పాత సమాచారం తొలగిస్తామని వాట్సాప్ అంటోంది. ఊళ్లో ఉండి నంబరు మార్చుకునేవారికి ఇవి సరిపోతాయేమో. నంబరు పోయిన సంగతే తెలియక ఖాతాను రోజూ వాడుతున్న నావికుడికి ఇవేవీ పనికిరావు. యాప్‌లో నంబరు మార్చుకోమంటారా, కొత్త నంబరుకు వచ్చే కోడ్‌ను సముద్రం మధ్యలో ఏ సిమ్‌తో అందుకుంటాడు?

ఇప్పుడు మెసేజింగ్ యాప్‌లను సిమ్‌కు కట్టేయాలని (దీన్నే సిమ్ బైండింగ్ అంటున్నారు) టెలికాం శాఖ 2025 నవంబరు 28న ఆదేశించింది. ఖాతా తెరిచిన సిమ్ ఫోనులో లేకపోతే యాప్ పనిచేయకూడదు, కంప్యూటర్‌లో తెరిచినది ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలి. విదేశాల్లో కూర్చుని మన నంబర్లతో జనాన్ని ముంచుతున్న ముఠాలను ఆపడానికే ఇదంతా. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ నంబరుకూ ఖాతాకూ ముడి ఇంకా బిగించేముందు, నంబరు చేతులు మారినప్పుడు ఆ ముడి ఎలా విప్పాలో తేల్చాలి కదా! పైగా మన రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఇది కబుర్లు చెప్పుకునే యాప్ గొడవ మాత్రమే అనుకుని వదిలేసే రోజులు పోయాయి.

దారి లేకపోలేదు. శాశ్వతంగా రద్దయిన నంబర్లతో 'మొబైల్ నంబర్ రివొకేషన్ లిస్ట్' అనే జాబితా టెలికాం శాఖ వేదిక మీద ఉంది. దాన్ని చూసి తమ ఖాతాదారుల వివరాలు సరిచేసుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు చెప్పింది. మెసేజింగ్ కంపెనీలకూ ఇదే తప్పనిసరి చేయాలి. ఒక నంబరు ఆ జాబితాలోకి ఎక్కగానే, ఆ ఖాతా ఏ ఫోనులో తెరిచి ఉందో ఆ ఫోనుకే తెలుగులో కబురు పంపాలి. పాస్‌వర్డ్‌తోనో ఈమెయిల్‌తోనో ఖాతాను నంబరు నుంచి విడదీసుకునే వీలు అక్కడికక్కడే ఇవ్వాలి. నంబరు కొత్తగా తీసుకున్నవారికి కొత్త ఖాతా తెరవాలి. వాళ్లకూ ఊరివాళ్ల గ్రూపులు, అప్పులవాళ్ల ఫోన్లు లేని శుభ్రమైన ఖాతా కావాలి.

ఈలోగా ఓడ ఎక్కేవారు పిన్ పెట్టుకుని, ఈమెయిల్ జతచేసుకుని వెళ్లాలి. ప్రీపెయిడ్‌లో 90 రోజులు వాడకం లేకపోతే నంబరు రద్దు కావచ్చు. ఆ సమయానికి బ్యాలెన్సులో కనీసం 20 రూపాయలుంటే, అది కోసుకుని మరో 30 రోజులు నంబరు ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. రీచార్జి తేదీలు ఇంట్లో ఎవరో ఒకరు క్యాలెండరు మీద రాసుకోవాలి. సైన్-ఆన్ కాగితాలు, అంటే ఓడలో డ్యూటీకి చేరే కాగితాలు, చూసే ఏజెంట్లు ఈ మాట కూడా ఒకసారి అడిగితే బాగుంటుంది.

మా శాఖలో ల్యాండ్‌లైనుకు 'సేఫ్ కస్టడీ' ఉండేది. ఊరు విడిచి వెళ్లేవారు దరఖాస్తు ఇస్తే వారి నంబరును ఎవరికీ ఇవ్వకుండా దాచిపెట్టేవాళ్లం. నావికులందరికీ కేంద్ర నౌకాయాన సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఇండోస్ నంబరు, అంటే నావికుడి గుర్తింపు సంఖ్య, ఉంది. దాని ఆధారంగా, ఓడ మీద ఉన్నన్నాళ్లూ వారి సెల్ నంబర్లను అలాగే దాచే ఏర్పాటు టెలికాం శాఖ చేయాలని, సిమ్ బైండింగ్ నిబంధనల్లోనే దాన్ని చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
మల్కాపురం, విశాఖపట్నం