మూడుసార్లు 'పరిష్కారమైన' మా అర్జీ: మంత్రిగారికి బహిరంగ లేఖ

విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రిగారికి నమస్కారం.

సోమవారం గ్రీవెన్సులో మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ పరిష్కారం ఫోను దాటి మా ఇంట్లోకి మాత్రం రాలేదు. అందుకే నలుగురికీ తెలిసేలా ఈ లేఖ.

వికలాంగుల పింఛను తీసుకునేవాళ్లకు నిజంగా వైకల్యం ఉందా అని మళ్లీ పరీక్షించే రీవెరిఫికేషన్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దొంగ సర్టిఫికెట్లు లేవని కూడా అనను. బైకు మీద ఊరంతా తిరుగుతూ వికలాంగుల పింఛను తీసుకునే మనిషి మా వీధిలోనే ఉన్నాడు. అలాంటివాళ్లను పట్టుకోండి, సంతోషం. మా తమ్ముడి సంగతి వేరు. వాడికి 31 ఏళ్లు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో ఉండదు. కూర్చోబెడితే కూర్చుంటాడు, అంతే. మంచం పట్టి 15,000 తీసుకునేవాళ్ల ఇళ్లకు డాక్టర్లు వచ్చారు. మావాడిది 6,000 పింఛను కదా, వాడే ఆసుపత్రికి వెళ్లాలన్నారు.

ముందురోజు సాయంత్రం నుంచి వాడు నీళ్లు ముట్టలేదు. అక్కడి బాత్రూంలోకి చక్రాల కుర్చీ పట్టదని పోయినసారే తెలిసింది వాడికి. పెదాలు ఎండిపోయినా, గ్లాసు దగ్గరికి తెస్తే మొహం పక్కకు తిప్పేశాడు. డాక్టరుగారేమో మేడ మీద. లిఫ్టుకు 'పనిచేయదు' అని కాగితం అంటించారు, ఆ కాగితం కూడా పాతబడి పసుపెక్కింది. మా ఆయన, నేను, మా చర్చి కుర్రాళ్లిద్దరు, నలుగురం కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లెక్కాం. మలుపులో కుర్చీ ఒరిగేసరికి వాడు నా కొంగు పట్టేసుకున్నాడు. పైకి చేరాక ఒక్కో వేలూ విప్పి విడిపించాల్సి వచ్చింది.

పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డంగా ఉంటే ఇంటికప్పు విప్పి యేసు ముందుకు దించిన కథ మీరు వినే ఉంటారు. డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్ వేదికలెక్కని నాయకులు ఎవరున్నారు గనక! కప్పు ఎందుకు పీకారని ఆయన కేకలేయలేదు. మేమైతే కప్పు జోలికి పోలేదు, మెట్లే ఎక్కాం. అయినా అటెండరు "ఇంతమందేంటి, ఒక్కళ్లే ఉండండి" అని అరిచాడు.

లోపల అరనిమిషం. "ఎప్పట్నుంచి ఇలా?" అని డాక్టరుగారు నన్ను అడిగారు. వాడికి మాట వస్తుంది సార్. ముద్దముద్దగా వస్తుంది, కాస్త ఓపిక పడితే అర్థమవుతుంది. బర్తిమయి గుడ్డివాడని చూస్తూనే తెలుస్తున్నా, నీకేం చేయమంటావని యేసు అతన్నే అడిగాడు, పక్కనున్నవాళ్లను కాదు.

తర్వాత చేతికొచ్చిన కాగితంలో వైకల్యం 'తాత్కాలికం' అని ఉంది. మళ్లీ పరీక్షకు రావాలట. 31 ఏళ్లుగా లేవని కాళ్లు ఆ తారీఖుకి లేస్తాయని కాబోలు. మా చర్చిలో స్వస్థత ప్రార్థనలు చేసిన పెద్దపెద్ద ప్రసంగీకులు కూడా ఇంత ధైర్యంగా గడువు చెప్పలేదు.

మావాళ్లనూ వెనకేసుకురాను. అమ్మ బతికున్నన్నాళ్లూ 'ఏ పాపం చేశావో' అని పొడిచినవాళ్లు బైబిలు చేతపట్టుకున్నవాళ్లే. వీడుగానీ వీణ్ణి కన్నవాళ్లుగానీ పాపం చేయలేదని యేసు చెప్పిన మాట వాళ్ల బైబిల్లోనూ ఉంది. మా చర్చికి ఐదు మెట్లు. అడిగి అడిగి, పోయిన ఈస్టరుకు ర్యాంపు కట్టించుకున్నాం. నాలుగు బస్తాల సిమెంటు, రెండు రోజుల మేస్త్రి పని. చందాలేసుకున్న మాకే అయింది, ప్రభుత్వానికి కాదా? వికలాంగుల హక్కుల 2016 చట్టం కింద 2017లో రూల్స్ వచ్చాయి. అప్పట్నుంచి ఐదేళ్లలో ప్రభుత్వ భవనాలన్నీ వికలాంగులు వెళ్లగలిగేలా మార్చాలి. ఆ ఐదేళ్లు 2022లోనే అయిపోయాయి. మీకు తెలియనిదా!

లిఫ్టు బాగుచేయించండి. బాత్రూం తలుపు వెడల్పు చేయించండి. ఆ 'తాత్కాలికం' తీయించండి. కనీసం లిఫ్టన్నా బాగుచేయించండి.

ఇదంతా రాసేశాక గుర్తొచ్చింది, నేనూ వాణ్ణి అడగలేదని. మంత్రిగారికి ఏం రాయమంటావురా అని రాత్రి అడిగాను. చాలాసేపు కూడబలుక్కుని చెప్పాడు:

"డాక్టర్ని కింద కూచోమను. నేను నీళ్లు తాగి వస్తా."

ఇట్లు,
ఆ అబ్బాయి అక్క