మొదటి జీతం చేతికొచ్చేదాకా

విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. పని ఇప్పిస్తే ఇల్లు లేనివాళ్ల బతుకు గాడిన పడుతుందని చాలామంది అధికారులు నమ్ముతారు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, రైల్వే స్టేషన్ బయట పడుకునేవాళ్లతో రోజూ మసిలే మాకు తెలిసింది వేరు. పని దొరికిన రోజు నుంచే వాళ్లకు గడ్డుకాలం మొదలవుతుంది.

అడ్డా కూలికి వెళ్తే సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది. నెల జీతం అలా కాదు. 1వ తేదీన చేరినవాడికి వచ్చే నెల 7లోగా ఇవ్వాలని చట్టం. అంటే సుమారు 37 రోజులు చేతిలో పైసా ఉండదు. ఇల్లున్నవాడికి కిరాణా కొట్టులో ఖాతా ఉంటుంది. చిరునామా లేనివాడికి అరువెవరిస్తారు? అందుకే రెండో వారంలో మానేసి మళ్లీ అడ్డా మీదికి వచ్చేస్తారు. దాన్ని బద్ధకమనడం చాలా అన్యాయం.

తిండి సంగతే చూడండి. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలు, నిజంగా గొప్ప ఆసరా. కానీ టిఫిన్ ఉదయం 7:30కి మొదలవుతుంది, రాత్రి భోజనం 9కి అయిపోతుంది. ఉదయం 6 గంటల షిఫ్టువాడికి టిఫిన్ అందదు, రాత్రి 10కి దిగేవాడికి భోజనం అందదు.

ఇక నిద్ర. బయట పడుకునేవాడు చెప్పులు తలకింద పెట్టుకుంటాడు. ఆధార్ కార్డును పాలిథిన్ కవరులో చుట్టి, లోపలి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకుంటాడు. అలా ఉలికులికిపడుతూ పడుకుని, పొద్దున్నే యంత్రం ముందు 8 గంటలు నిలబడాలి. నిరాశ్రయుల వసతి గృహాలు ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పొద్దున్నే అందరినీ బయటికి పంపేస్తే రాత్రి షిఫ్టు చేసొచ్చినవాడు ఎక్కడ పడుకోవాలి?

కాగితాల దగ్గరా ఇలాగే. ఫోను పోయిందంటే ఆధార్‌కు కలిపిన నంబరూ పోయినట్టే. ఓటీపీ రాదు, పీఎఫ్ నమోదు ఆగిపోతుంది. చేతిలో స్మార్ట్‌ఫోను లేనివాడు కొత్త నంబరు కలపాలంటే ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లాలి, ఆ రోజు కూలి పోతుంది. కూలిపనిలో వేళ్లు అరిగి ముద్ర పడకపోతే కనుపాపతో చేయించవచ్చు. సిబ్బంది ఆ మాట చెప్పక వెనక్కి పంపేస్తే ఆ మనిషి మళ్లీ అటు రాడు. గుర్తింపు కాగితాలు లేకపోయినా, బ్యాంకు అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేసి ఫొటోతో చిన్న ఖాతా తెరవవచ్చు. అందులోంచి నెలకు 10,000 రూపాయలకు మించి తీయలేరు. గది అడ్వాన్సు కట్టాల్సిన నెలలోనే ఆ పరిమితి అడ్డొస్తుంది.

మేం కోరేవి ఇవీ. పని దొరికిందని వసతి గృహంలో మంచం ఖాళీ చేయించకుండా మూడు జీతాలు అందేదాకా ఉండనివ్వాలి. మొదటి జీతం తిండికి, చిల్లర బాకీలకే పోతుంది, అడ్వాన్సు కూడేది ఆ తర్వాతే. రాత్రి షిఫ్టువాళ్లకు పగలు పడుకునే గది, ప్రతి మంచానికీ తాళం వేసుకునే పెట్టె, ఫోను చార్జింగుకు ప్లగ్గు ఉండాలి. చిరునామా ధ్రువపత్రం వార్డెనే ఇవ్వాలి, ఆధార్ నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి నెల జీతాన్ని వారం వారం ఇమ్మని కార్మిక శాఖ ద్వారా కాంట్రాక్టర్లకు చెప్పించండి. వారానికోసారి జీతమివ్వడానికి చట్టం అడ్డు చెప్పదు.

వచ్చే 1వ తేదీన పనిలో చేరేవాళ్లకైనా ఇవి అందేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
విజయనగరం పట్టణ నిరాశ్రయుల మధ్య పనిచేసేవాళ్లం