తోక సరిచూసే మనిషి కావాలి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

ఓర్వకల్లు దగ్గర 300 ఎకరాల్లో డ్రోన్ హబ్ వస్తుందని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినప్పటి నుంచి మా కర్నూలు పిల్లల నోట విమానాల మాటే. మా మనవడు తొమ్మిదో తరగతి. పోయిన వేసవిలో రిమోట్ కంట్రోల్ విమానం కిట్టు కావాలని పట్టుబడితే కొనిచ్చాను. ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ణి, బాల్సా అనే తేలికపాటి చెక్క బొమ్మ బిగించడం ఎంతసేపు అనుకున్నాను. రెక్కల పని ఒక్క పూటలో అయిపోయింది. తోకకు నాలుగు రోజులు పట్టింది.

తోకలో అడ్డంగా ఉండే పలక స్టెబిలైజర్. దాని వెనక అంచున పైకీ కిందికీ ఆడేది ఎలివేటర్. నిలువు పలక వెనక కుడికీ ఎడమకీ తిరిగేది రడ్డర్. విమానం ఎక్కాలన్నా దిగాలన్నా తిరగాలన్నా ఈ చిన్న ముక్కలే ఆధారం. విమానం ముక్కుకు గుండుసూది గుచ్చి, దారం కట్టి, స్టెబిలైజర్ రెండు కొసల దాకా లాగి కొలిచాం. కుడివైపు 4 మిల్లీమీటర్లు తక్కువొచ్చింది. కంటికి మాత్రం ఏ తేడా లేదు! అతికించే చోట పైనున్న ప్లాస్టిక్ పొరను బ్లేడుతో తీసేయాలి, ఎందుకంటే జిగురు చెక్కకే పట్టాలి. బ్లేడు కాస్త లోతుగా దిగితే ఆ గీత దగ్గరే తోక గాల్లో విరగొచ్చు. రిమోట్ చెప్పినట్టు పలకను కదిలించే చిన్న సర్వో మోటారు నుంచి వచ్చే సన్నని కడ్డీని ఎలివేటర్‌కు తగిలించే హార్న్ ఉంటుంది కదా, దాని రంధ్రాలు సరిగ్గా ఎలివేటర్ బందుల (హింజుల) గీత మీదికి రావాలి. లేకపోతే పలక పైకి ఎక్కువగానూ కిందికి తక్కువగానూ కదులుతుంది. కడ్డీ చివరి క్లిప్పు ఊడిపోకుండా దాని మీదికి సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క తొడిగాం. అది మా మనవడి ఆలోచన.

ఇంత చేసీ అసలు సంగతి దగ్గర తప్పు చేశాం. రిమోట్ మీది స్టిక్ ఆడిస్తే ఎలివేటర్ కదులుతోందా అని చూశాం గానీ, ఎటు కదులుతోందో చూడలేదు. స్టిక్‌ను మన వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి, అప్పుడే ముక్కు పైకెత్తుకుంటుంది. మాది కిందికి దిగుతోంది. రిమోట్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోయే పని. దగ్గర్లో ఉన్న ఒక గ్రౌండ్‌లో పొద్దున్నే నేను విసిరాను, వాడు రిమోట్ పట్టుకున్నాడు. విమానం ఎక్కడం లేదని వాడు స్టిక్‌ను ఇంకా గట్టిగా లాగాడు. కిలో పైన బరువున్న విమానం, ఫ్యాను తిరుగుతూనే, క్రికెట్ ఆడుతున్న పిల్లలకు నాలుగడుగుల దూరంలో ముక్కు నేలకు గుచ్చుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పిల్లల్లో ఒకడికి తగిలి ఉంటే వాళ్ల అమ్మానాన్నలకు నేనేం చెప్పేవాణ్ణి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. అయితే ఎగరేసే ముందు తోకను ఒక్కసారి సరిచూసే అనుభవజ్ఞుడు ఎక్కడున్నాడో వారం రోజులు వెతికినా మాకు దొరకలేదు. ఎగరేయడానికి ఇదీ చోటు అని చెప్పినవాళ్లూ లేరు. 2021 డ్రోన్ నిబంధనల్లో వినోదానికి, చదువుకు కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాల ప్రస్తావన ఉంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల నుంచే ఆంక్షలు మొదలవుతాయి, 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే ఆంక్షలు. 2021లో మన ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది కాబట్టి ఇది మనకు సంబంధించిన విషయమే. ఏ ఊరు ఏ పరిధిలోకి వస్తుందో తెలుగులో ఒక్క పేజీ రాసి బడుల్లో అంటించారా? నేనైతే చూడలేదు.

అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకంలో ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా కేంద్రం ఇస్తోంది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు అక్కడ చేతులతో పని నేర్చుకోవాలి. ల్యాబ్‌లో చేసినదాన్ని గాల్లోకి వదిలే చోటు కూడా ఉంటేనే ఆ నేర్చుకోవడం పూర్తవుతుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్, అంటే ఇలాంటి చిన్న విమానాలు చేసి ఎగరేయడం, ఎప్పటి నుంచో ఉంది. అది నేర్చినవాళ్లు, వాయుసేనలో పనిచేసి రిటైరైనవాళ్లు మన జిల్లాలో ఉండే ఉంటారు, అడిగితే కాదనరు.

జిల్లా కలెక్టర్ గారికి, క్రీడా, విద్యాశాఖల అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇదే. నిబంధనలు అనుమతించే చోట ఊరి బయట ఒక ఖాళీ స్థలం చూపించండి. ఆదివారం ఉదయం రెండు గంటలు చాలు. జనం నిలబడే చోటుకు ఒక తాడు కట్టండి. తోక ఎటు కదులుతోందో, హింజులు గట్టిగా ఉన్నాయో, బరువు ఎక్కడ ఆనుతోందో చూసి సరే అన్నాకే విమానం లేవనివ్వండి. తెలిసిన మనిషి ఒక్కరు వస్తే పక్కన కూర్చుని పిల్లల విమానాలు కొలిచి చూపించడానికి నేను సిద్ధం. దారపుండ, స్కేలు నేనే తెచ్చుకుంటాను.

— ఒక రిటైర్డ్ ఫిట్టర్, కర్నూలు